మూడు నిమిషాల శ్రోత

పెట్టెల మేస్త్రి అంటే ట్రంకు పెట్టెలు చేసేవాడనుకునేరు. అతను చేసేవి స్పీకర్లు బిగించే చెక్కపెట్టెలు. ఇంట్లో కూర్చుని సంగీతం వినేవాళ్ళలో పిచ్చి ముదిరినవాళ్ళు కొందరుంటారు. బజారులో దొరికే సరుకు వాళ్ళ చెవికి ఆనదు. వాళ్ళు అడ్రసు కనుక్కుని మరీ వచ్చేది ఇతని దగ్గరికే. చెక్క కోసి, చిత్రిక పట్టి, లోపల దూది కూరి, తీగలు కలిపి, ఆరు వారాలకు ఒక జత తయారుచేసేవాడు. ఎవరైనా తొందరపెడితే, "బజార్లో బోలెడున్నాయి, వెళ్ళి తెచ్చుకోండి" అనేవాడు. పనితనం ఉంది కాబట్టి ఆ నోటిదురుసు చెల్లింది. లేకపోతే వారం తిరిగేసరికి దుకాణానికి తాళం పడేది.

దుకాణమంటే వేరే ఏం లేదు, అక్కగారి ఇంట్లో కింది వాటా. ముందు గదిలో రంపాలు, బల్ల, చీలమండలు మునిగేంత రంపపు పొట్టు. వెనక గదిలో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా పొట్టు కనబడదు. అది వినే గది. గోడలకు మందపాటి గుడ్డ, నేలమీద కంబళి, ఒక గోడవైపు రెండు పెట్టెలు, వాటికి ఎదురుగా సరిగ్గా నడుమ ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ కాళ్ళు ఎక్కడుండాలో కంబళిమీద సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. ఊడ్చేటప్పుడు ఎవరైనా దాన్ని జానెడు జరిపితే ఆ పూటకు మేస్త్రితో మాట్లాడకపోవడమే మంచిది.

పై వాటాలో అక్క, బావ. తల్లీ తండ్రీ లేకపోవడంతో అక్క కాపురానికి వస్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. "మీ అక్కతోపాటు బండిలోంచి రెండు పెట్టెలు, ఒక బావమరిది దిగారు. పెట్టెలు ఎప్పుడో తుప్పుపట్టి పోయాయి. బావమరిది మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాడు" అని బావ వేళాకోళమాడేవాడు. మేస్త్రి పెళ్ళి చేసుకోలేదు. చెక్కతోనే కాపురమని అక్క ఆశ వదిలేసుకుంది.

బావ ఫిడేలు మాస్టారు. సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పడం, నెలకో రెండు నెలలకో తోటి మాస్టార్లు ముగ్గురితో కలిసి ఏదో ఒక హాల్లో వాయించడం, ఇదీ ఆయన జీవితం. పేరు మోసినవాడేమీ కాదు. ఆయన కచేరీకి నూరుమంది వస్తే అక్క ఆ సంగతి నెలరోజులు చెప్పుకునేది. ఆ నూరుమందిలో తమ్ముడు మాత్రం ఎప్పుడూ ఉండేవాడు కాదు. అదేమని అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఆ హాల్లో ఏం వినబడుతుంది బావా? ఒకడు దగ్గుతాడు, ఒకడు కుర్చీ ఈడుస్తాడు, గోడలు సగం పాటను మింగేస్తాయి. హాయిగా నా గదిలో కూర్చుని వాయించు. సూది పడ్డా వినిపిస్తుంది."

"సూది వినడానికి ఫిడేలెందుకురా?" అనేవాడు బావ. అన్నా, ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు ఫిడేలు పట్టుకుని కిందికి దిగేవాడు.

ఆదివారం జరిగే తంతు ఇది. బావ రెండు పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని వాయిస్తాడు. మేస్త్రి తన కుర్చీలో కళ్ళు మూసుకుని వింటాడు. పక్కన టేపు తిరుగుతూ ఉంటుంది. మూడు నిమిషాలు కాగానే మేస్త్రి చెయ్యి పైకి లేస్తుంది. "చాలు బావా!" బావ ఆపేస్తాడు. ఇప్పుడు అదే మూడు నిమిషాలు పెట్టెల్లోంచి వస్తాయి. అసలు ఒకసారి, నకలు ఒకసారి. రెండింటికీ తేడా ఎక్కడుందో మేస్త్రి నోటుపుస్తకంలో రాసుకుంటాడు. పై తీగ గాజుపెంకులా గరుకుగా ఉంది. కింది తీగకు ఒళ్ళు చాల్లేదు. కమాను తిప్పుకునే చోట చిన్న ఎండుచప్పుడు మనిషి దగ్గర ఉంది, పెట్టెలో లేదు. ఇక వారమంతా ఆ తేడా వెంటపడతాడు. గుప్పెడు దూది తీస్తాడు, పెడతాడు, వెనక పలక మందం మారుస్తాడు. మళ్ళీ ఆదివారం వస్తుంది.

మూడు నిమిషాలే ఎందుకంటే, చెవికి అంతకుమించి జ్ఞాపకం ఉండదని అతని సిద్ధాంతం. ఇంకా వింటే మొదట విన్నది చెరిగిపోతుందట. ఎక్కడైనా చదివాడో తనే కనిపెట్టాడో గానీ, ఇరవై ఏడేళ్ళు దాన్ని శాసనంలా అమలుచేశాడు. బావ వాయింపులో ఒక అలవాటుంది. నెమ్మదిగా ఎత్తుకుంటాడు, చాలాసేపు అటూ ఇటూ తచ్చాడతాడు, ఆ తర్వాత గానీ అసలు సంగతిలోకి దిగడు. దిగబోతున్నాడనగా ఎదురుగా చెయ్యి లేచేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడి కథ మనకు తెలుసు. మేస్త్రి పట్టిన పాటకు మూడే నిమిషాలు.

అలాగని అతనికి బావ వాయింపంటే ఇష్టం లేదనుకుంటే అన్యాయం చేసినవాళ్ళమవుతాం. లోకంలో ఉన్న ఫిడేళ్ళన్నిటిలోనూ అతను కొలబద్దగా ఎంచుకున్నది అదొక్కటే. వచ్చినవాళ్ళతో, "మా బావ ఫిడేలు లాంటిది ఇంకోటి చూపించండి" అని గర్వంగా అనేవాడు. ఆ మాట బావ ముందు ఒక్కనాడూ అనలేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

ఒక ఆదివారం అతను పెద్ద పరీక్ష పెట్టాడు. పెట్టెలకు ముందు, బావకు ముందు అడ్డంగా తెర కట్టి, వీధిలోవాళ్ళను పదిహేనుమందిని పిలిచాడు. ఒకసారి బావ వాయించాడు. ఒకసారి పెట్టెలు వాయించాయి. ఏది మనిషో ఏది పెట్టో చెప్పమన్నాడు. పదకొండుమంది పెట్టెనే మనిషన్నారు. మూలింటి దర్జీ అయితే ఒట్టు వేసి మరీ చెప్పాడు.

"రెండోసారి వాయించిందే మనిషి మేస్త్రీ. మొదటిది పెట్టె. అందులో ఏదో బరబరమంటోంది."

ఆ బరబర బావ కమానుది. మేస్త్రి ఆనందం పట్టలేక పదిహేనుమందికీ తనే కాఫీ కలిపి ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ళ తపస్సు ఫలించిందన్నాడు. అందరూ వెళ్ళాక బావ ఫిడేలును గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతూ, "అయితే ఇక నాతో పనిలేదన్నమాట" అన్నాడు.

"అదేంటి బావా! అందులో ఉన్నది నీ వాయింపేగా."

"నా వాయింపులో మూడు నిమిషాలు. ఒరేయ్, నిజం చెప్పు. ఇన్నేళ్ళలో నేను వాయిస్తుంటే నువ్వు ఒక్కసారైనా విన్నావా?"

"ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాగా!"

"వినడం లేదురా, పోలుస్తున్నావు."

బావ ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి మేస్త్రికి తగల్లేదు. కోపంగా అనుంటే ఏమన్నా ఆలోచించేవాడేమో.

ఆ ఏడే బావ పాఠశాల నుంచి రిటైరయ్యాడు. నెలాఖరు ఆదివారం సాయంత్రం నాలుగింటికి పాఠశాల హాల్లో వీడ్కోలు కచేరీ పెట్టారు. నాలుగు రోజుల ముందు బావ కిందికొచ్చి, పొట్టు దులిపి బల్లమీద కూర్చున్నాడు.

"ఇదే ఆఖరు కచేరీరా. వేళ్ళు ఇదివరకట్లా మాట వినడం లేదు. ఇక పదిమందిలో వాయించను. ముందు వరసలో నీకు కుర్చీ పెట్టిస్తాను. వచ్చి కూర్చుని, మొదట్నించి చివరిదాకా ఒక్కసారి విను. నిన్ను నేనేదీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నా."

"వస్తా బావా, నువ్వింతగా చెప్పాలా!" అన్నాడు మేస్త్రి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ బావ మెట్లెక్కేలోపే అతని బుర్ర మైకులమీదికి పోయింది. ఆఖరు కచేరీ అంటున్నాడు. మరి దాన్ని దాచుకోవద్దూ?

ఆదివారం మధ్యాహ్నం అతను టేపు యంత్రాన్ని గుడ్డలో చుట్టి గుమ్మం దాటిస్తుంటే అక్క అడ్డం వచ్చింది.

"ఏరా, కూర్చుని వింటానని మాటిచ్చావుగా? మళ్ళీ ఈ బండరాయెందుకు?"

"కూర్చుంటానక్కా. మీట నొక్కేసి వచ్చి కూర్చుంటా. ఇవాళ వింటే ఇవాళ్టితో సరి. టేపులో ఉంటే ఎప్పుడైనా వినొచ్చు."

"ఎప్పుడైనా అన్నవాడు ఎప్పుడూ వినడు" అని అక్క దారి వదిలింది.

పాఠశాల హాలు నేలకింద అంతస్తులో ఉంది. కిటికీలు లేవు. నూటయాభై కుర్చీలు, చిన్న వేదిక, వేదిక పక్కన బెంచీలు పడేసే గది. ముందు వరసలో అక్క పక్క కుర్చీకి బావ తన చేత్తోనే కాగితం అంటించాడు. దానిమీద "మా బావమరిది" అని రాసుంది. మేస్త్రి దాన్ని చూసి మురిసిపోయి, వేదికకు అటూ ఇటూ రెండు మైకులు నిలబెట్టి, పక్క గదిలో యంత్రం పెట్టుకుని, మీట నొక్కి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మొదటి పాట అయ్యేదాకా చూసి వెళ్దాం, శబ్దం సరిగ్గా ఎక్కుతోందో లేదో చూసుకోవాలిగా అనుకున్నాడు. మొదటి పాటలో శబ్దం కొలిచే ముల్లు రెండుసార్లు ఎర్రగీత దాటింది. సరే, రెండోది కూడా చూద్దామనుకున్నాడు. మూడోదానికి శబ్దం ఎంత చక్కగా వస్తోందంటే లేవబుద్ధి కాలేదు. తలుపుకు అవతల, పది అడుగుల దూరంలో బావ వాయిస్తున్నాడు. ఇవతల ఇతను కళ్ళు మూసుకుని, తీగల్లోంచి వచ్చిన బావను వింటున్నాడు. ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

యాభై నిమిషాలయ్యాక మిగతా ముగ్గురు మాస్టార్లూ వేదిక దిగారు. ఆఖరున బావ ఒక్కడే వాయించాలి. అప్పుడు మాత్రం మేస్త్రికి మనసులో ఏదో గుచ్చుకుంది. హెడ్‌ఫోన్లు తీసేశాడు. లేచాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు కూడా. సరిగ్గా అప్పుడే హాలంతా చీకటైపోయింది.

ఇంకొకడైతే చీకట్లో తడుముకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చునేవాడు. ఇతనికి మాత్రం యంత్రం ఆగిపోయిందన్నది తప్ప ఇంకేమీ తోచలేదు. సంచిలోంచి టార్చి, స్క్రూడ్రైవరు తీసుకుని వెనక తలుపులోంచి పరుగెత్తాడు. నడవా దాటి, ఇంకో తలుపు దాటి, మెట్ల కింద మీటర్ల బోర్డు. పాత పింగాణీ ఫ్యూజులు. మూడోదానిలో తీగ మాడిపోయి ఉంది. మార్చడానికి తీగ లేదు. సంచిలో ఉన్న వైరు ముక్కను పళ్ళతో ఒలిచి, అందులోంచి రెండు పోగులు లాగి, మెలిపెట్టి, టార్చి నోట్లో కరుచుకుని బిగించాడు. రెండు తలుపులకు ఇవతల, ఆ మెట్ల కింద అతనికి వినబడింది తన ఊపిరి ఒక్కటే.

ఈలోగా హాల్లో ఏం జరిగిందో అతనికి తర్వాత పదిమంది పదిసార్లు చెప్పారు. జనం లేవబోతుంటే వేదికమీద నుంచి బావ గొంతు వినిపించింది.

"కూర్చోండి, కూర్చోండి. ఫిడేలుకు కరెంటు అక్కర్లేదు. కాగితం కనబడ్డం లేదు కాబట్టి కాగితంలో లేనిదే వాయిస్తా. మా బావమరిది ఇక్కడెక్కడో ఉన్నాడు. నన్ను మూడు నిమిషాలకు మించి ఎప్పుడూ విన్న పాపాన పోలేదు. ఇవాళ వాడు చెయ్యెత్తినా నాకు కనబడదు."

అందరూ నవ్వారు. ఆయన వాయించడం మొదలుపెట్టాడు. ఎంతసేపు వాయించాడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పావుగంటని కొందరు, అరగంటని కొందరు. మేస్త్రి లెక్కన పన్నెండు నిమిషాలు, ఎందుకంటే ఫ్యూజు వేయడానికి అతనికి పట్టింది అంతే. ఇంకా వాయిస్తూనే ఉన్నాడు, పాట ఎక్కడికో పోతూనే ఉంది, భళ్ళున లైట్లు వెలిగాయి. కరెంటు వస్తే మనవాళ్ళు ఏం చేస్తారో తెలిసిందే. వెనక వరసల్లోంచి "హే" అని కేక లేచింది. దాని వెనకే చప్పట్లు. పాట అయిపోయిందనుకుని ముందు వరసలవాళ్ళు కూడా కొట్టారు. బావ కళ్ళు చికిలించి, కమాను దించి, ఎదురుగా చూశాడు. కుర్చీ, దానిమీద కాగితం కనబడ్డాయి.

అప్పుడొచ్చాడు మేస్త్రి, చేతులు లాగుకు తుడుచుకుంటూ, ముఖం వెలిగిపోతూ. "నేనే వేశాను! తీగ కాలిపోయిందంతే!" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ఒక్కరూ మెచ్చుకోలేదు. ఎందుకు అందరూ తనను అలా చూస్తున్నారో అతనికి అర్థం కాలేదు. అక్క ముఖం తిప్పుకుంది.

ముగ్గురూ ఇంటికి నడిచి వెళ్ళారు. గుమ్మం దగ్గర బావ ఆగి, "ఫ్యూజు బాగా వేశావురా" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అది మెప్పో ఎత్తిపొడుపో మేస్త్రికి ఈనాటికీ తేలలేదు. అక్క మాత్రం దాచుకోలేదు. జరిగిందంతా చెప్పి, కడిగిపారేసింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దేన్ని కొరుకుతున్నావని అడిగాట్ట. నీకంటే ఆ చెవిటివాడు నయంరా. కనీసం ఎదురుగా నిలబడ్డాడు."

ఆ సాయంత్రమే అతను టేపు పెట్టి విన్నాడు. యాభై నిమిషాల కచేరీ నిక్షేపంలా ఉంది. ఆ తర్వాత జనం సందడి కీచుమంటూ పైకి లేచి ఆగిపోయింది. కరెంటు పోయినప్పుడు మీట నొక్కే ఉంది కాబట్టి, కరెంటు రాగానే యంత్రం తనంతట తనే మళ్ళీ తిరిగింది. కీచుగా మొదలై, వేగం అందుకుంటూ కిందికి దిగి, రెండు కమాను తోపులు. ఆ తోపుల మీదనే జనం కేక, చప్పట్లు. అంతా కలిపి నాలుగు సెకన్లు లేదు. ఆ నాలుగు సెకన్లను అతను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. అందులో ఉన్న బావ తనకు తెలిసిన బావ కాదని మాత్రం అర్థమైంది. ఇరవై ఏడేళ్ళ ఆదివారాల్లో ఆ తోపు ఒక్కసారి కూడా వినలేదు.

మర్నాడు పైకెళ్ళాడు. తల వంచుకుని, నేలను చూస్తూ అడిగాడు.

"బావా, తప్పయిపోయింది. ఆ చీకట్లో వాయించింది నాకోసం మళ్ళీ వాయిస్తావా? ఎంతసేపైనా సరే, చెయ్యెత్తను."

బావ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విప్పారిందని అక్క చెబుతుంది. "అదే మళ్ళీ వస్తుందో రాదో గానీ, ప్రయత్నిస్తా. రా, కూర్చో. ఇప్పుడే" అని ఫిడేలు పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

ఇక్కడ మేస్త్రి నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపించనివాళ్ళుండరు. ఎందుకంటే అతనన్న మాట ఇది. "ఇప్పుడొద్దు బావా. నిన్న కరెంటు పోయి రావడంతో యంత్రం మోటారు ఊగుతోంది. బాగుచెయ్యాలి. కొత్త జత పెట్టెలు కూడా సగంలో ఉన్నాయి. ఇలాంటిది అడ్డదిడ్డంగా రికార్డు చేస్తే పాపం. మూడు వారాలు ఆగు."

బావ ఒక్క క్షణం అతన్ని చూసి, మూత వేసేశాడు. "నీ ఇష్టంరా."

పంతొమ్మిదో రోజు పొద్దున ముఖం కడుక్కుంటూ బావ పడిపోయాడు. పక్షవాతమన్నారు. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి, మూతి పోయాయి. ఫిడేలు పలికించేది ఎడమచేతి వేళ్ళే. మోటారు అప్పటికి బాగైపోయింది. పెట్టెలకు మెరుగు పూయడం ఒక్కటే మిగిలింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, మేస్త్రి ఆ తర్వాత చేసింది అదే. ఆ రోజు హాల్లో ఉన్న ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళి, ఎలా ఉందో చెప్పమని అడిగాడు. దర్జీ, "ఏడుపొచ్చింది మేస్త్రీ. ఎందుకని అడక్కు, నాకూ తెలీదు" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ పాఠశాల వాచ్‌మన్, పైన వాన పడుతోందేమోనని బయటికెళ్ళి చూసొచ్చానన్నాడు. తోటి మాస్టారొకాయన, "రెండుచోట్ల శ్రుతి తప్పింది. తప్పినచోటే బాగుంది" అన్నాడు. అక్క చాలా రోజులు ఏమీ చెప్పలేదు. ఒకనాడు బట్టలు మడతపెడుతూ తనంతట తనే అంది. "నలభై ఏళ్ళు కాపురం చేశాను కదా, ఆ చీకట్లో వాయిస్తున్నది ఎవరో కొత్తమనిషి అనిపించింది. కాస్త భయం కూడా వేసింది. లైట్లు రాగానే మళ్ళీ మీ బావ అయిపోయాడు."

ఇవన్నీ అతను నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఒకదానికొకటి పొసగలేదు. తేడాలు పట్టడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ ఈసారి అతని దగ్గర ఉన్నవన్నీ నకళ్ళే, పోల్చి చూడడానికి అసలు లేదు. ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు అతనికి తనమీద తనకు అసహ్యం వేసేది. ఎవరైనా వచ్చి, ఫలానా స్పీకరు మనిషి ఎదురుగా వాయించినట్టే ఉంటుందటగా అని అడిగితే, "మనిషి ఎదురుగా వాయిస్తుంటే వినడానికి పోండి. అది అయ్యాక రండి" అని కసురుకునేవాడు. పెట్టెలు చేయడం మానలేదు. ఆదివారాలు మాత్రం వెనక గది తలుపు తీసేవాడు కాదు.

రెండేళ్ళు గడిచాక బావ కర్ర పట్టుకుని మెట్లు దిగగలిగాడు. రోజూ మధ్యాహ్నం కిందికొచ్చి, సుద్దగుర్తుల మధ్య ఉన్న ఆ ఒక్క కుర్చీలో కూర్చునేవాడు. మేస్త్రి పక్కన నేలమీద కూర్చునేవాడు. ఆఖరు కచేరీ టేపు పెట్టమని బావే అడిగేవాడు. తనను తాను వింటూ కుడిచేత్తో మోకాలిమీద తాళం వేసుకునేవాడు. మేస్త్రి పెట్టెలను ఆయనంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ పెట్టెలే లేకపోతే ఆయనకు అదీ దక్కేది కాదు. అక్క అలా అని తమ్ముడికి ధైర్యం చెప్పేది కూడా. అతనికి అది తలకెక్కేది కాదు.

ఒకరోజు యాభై నిమిషాలూ అయ్యాక బావ, పక్కకు లాగేసిన మూతితో, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అన్నాడు.

"అచ్చం నేనేరా. వెంట్రుకవాసి తేడా లేదు."

ఈ మాట వినడానికే అతను ఇరవై ఏడేళ్ళు దూది కూరాడు. అప్పట్లో అనుంటే వీధిలోకి పరుగెత్తి గంతులేసేవాడు. ఇప్పుడు తల కూడా ఎత్తలేకపోయాడు. రెండేళ్ళుగా నాలుక చివర ఉన్నదాన్ని అడిగేశాడు.

"బావా, ఆ చీకట్లో వాయించింది... లైట్లు రాగానే ఆపేశావు కదా. రాకపోయుంటే ఎలా ముగించేవాడివి? ఫిడేలు లేకపోతే లేకపోయింది, నోటితోనైనా చెప్పు. ఒక్క ఆ చివరిముక్క."

బావ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలించి చూశాడు. ఏదో రాగం గొంతుదాకా వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. తల అడ్డంగా ఊపాడు.

"తెలీదురా."

"మర్చిపోయావా?"

"మర్చిపోవడానికి... ముందు తెలియాలిగా. కాగితం చూసి వాయించింది కాదు. అది ఎటు పోతుంటే అటు... దాని వెనకే నేనూ పోతున్నా. నలభై ఏళ్ళు వాయించానా, నాకలా వచ్చింది ఆ ఒక్కరోజే." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. గొంతులో కోపం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాడంతే. "ఇంకొక్క నిమిషం ఆ ఫ్యూజు వెయ్యకుండా ఉంటే, నాకూ తెలిసుండేదిరా."

పోగొట్టుకున్నది తానొక్కడేనని మేస్త్రి ఇన్నాళ్ళూ అనుకున్నాడు.